తొమ్మిది బిళ్లలు

మా వదిన చెంగమ్మకు ఇంగ్లీషులో బాగా వచ్చిన మాట ఒక్కటే, యాసిడ్. పదో తరగతి రెండుసార్లు తప్పి, నేర్చుకున్న ఇంగ్లీషంతా పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన మనిషి. ఆ నాలుగక్షరాలు మాత్రం ఎక్కడ కనబడినా టక్కున పట్టేసేది. ఎందుకంటే ఆమె పనే యాసిడ్‌తో. పుంగనూరుకు మూడు మైళ్ల దూరంలో మా ఊరు. ఆ ఊరి పాలకేంద్రంలో పాలు పరీక్ష చేసేది మా వదినే.

ఇప్పుడంటే పాలు పోయగానే అంకె చూపించే కరెంటు మిషన్లు వచ్చాయి. నేను చెప్పే 1998లో అదంతా చేతిపని. గాజు గొట్టంలో ముందు యాసిడ్ పోయాలి, దాని మీద కొలిచి పాలు పోయాలి, బిరడా బిగించి ఊపాలి. గొట్టం చెయ్యి చురుక్కుమనేంత వేడెక్కుతుంది. తెల్లటి పాలు చూస్తుండగానే కాఫీ డికాక్షన్ రంగుకు తిరుగుతాయి. పాలలో ఉన్నదంతా మాడి కరిగిపోతుంది, వెన్న ఒక్కటే తట్టుకుని పైకి తేలుతుంది. దాన్ని గొట్టం మీది గీతలతో కొలిచి ఎవరి పాలు ఎంత చిక్కనో చెప్పాలి. చెబితే ఊరుకుంటారా! "మా ఆవు నీళ్లిస్తాందా?" అని తగువుకు దిగేవాళ్లు రోజుకు నలుగురైనా ఉండేవాళ్లు. వాళ్లందరికీ జవాబు చెప్పుకునేది కూడా వదినే.

ఆమె ఎడమ ముంజేతి మీద అరచేయంత మచ్చ ఉంది. కొత్తగా పనిలో చేరినప్పుడు ఒకరోజు బిరడా ఊడి యాసిడ్ చేతి మీద పడింది. చర్మం ఊడివచ్చిందట. పాలకేంద్రం సెక్రటరీ గోవిందప్ప అది చూసి కళ్లు తిరిగి పడిపోతే, ఈమె నీళ్ల తొట్టిలో చెయ్యి ముంచుకుని నిలబడి, "ఆయన మొకాన నీళ్లు సల్లండప్పా" అందట. సాయంత్రం పాల వేళకు చేతికి కట్టుతో మళ్లీ హాజరు. మా అమ్మ రామలక్ష్మమ్మ కోడలిని మెచ్చుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో అదొకటి. "మొండిఘటం" అంది.

అలాంటి మొండిఘటం 1996 తర్వాత తన నీడను చూసి తానే ఉలిక్కిపడేది.

అది ఆమె తొలి కాన్పు. ఏడో నెలలో మదనపల్లెలో స్కానింగ్ తీస్తే బిడ్డ తల పైభాగం మూసుకోలేదని తేలింది. నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. గంటసేపు బతికింది. మా అమ్మ గుడ్డ కప్పేసి ఎవరినీ చూడనివ్వలేదు. వదిన మాత్రం గుడ్డ తొలగించి చూసింది. ఏం చూసిందో మాకు ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో అమ్మ అప్పుడే తేల్చేసింది. అంతకు ముందు దీపావళి మర్నాడు, సరిగ్గా పొద్దున పాల వేళకు సూర్యగ్రహణం పట్టింది. కడుపుతో ఉన్న మనిషి తలుపేసుకుని కదలకుండా పడుకోవాల్సింది పోయి పాలకేంద్రానికి పోయి గొట్టాలు కడిగింది. "సెప్తే ఇనిందా నా మాట?" అని అమ్మ ఊరంతా చెప్పుకుంది. మదనపల్లె డాక్టరమ్మ అది కాదంది. కడుపు పడిన మొదటి నాలుగు వారాల్లోనే బిడ్డకు తలా వెన్నూ మూసుకుంటాయి, దానికి ఒక విటమిన్ కావాలి, అది చాలకపోతే ఇలా జరగవచ్చు అని చెప్పింది. మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ముందునుంచే రోజుకొక బిళ్ల మింగాలని చీటీ రాసిచ్చింది. మా అన్న మునికృష్ణ ఆ చీటీని మడిచి పర్సులో పెట్టుకున్నాడు. రెండేళ్లు అది అందులోనే ఉంది. వదిన మళ్లీ బిడ్డే వద్దంది. "నాకు భయం" అంది. ఆ మాట ఆమె నోట వినడం నాకు అదే మొదలు.

1998 ఉగాది ముందు ఏమనుకుందో ఏమో, తనే అడిగింది, ఆ చీటీ యాడుండాది అని. అన్న అప్పటికప్పుడే పర్సు తీసి చీటీ మడత విప్పి చూపించాడు. ఆయన కుప్పంలో గ్రానైట్ రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. శనివారం సాయంత్రానికి ఇంటికి వచ్చి సోమవారం తొలి బస్సుకు పోయేవాడు. పుంగనూరులో బస్సు దిగి మందుల షాపులో ఆ చీటీ చూపిస్తే, షాపాయన పెద్ద డబ్బాలోంచి బిళ్లలు ఎంచి కాగితం పొట్లం కట్టి ఇచ్చేవాడు. కందిబేడంత పసుపుపచ్చ బిళ్లలు. వాటి మీద పేరూ లేదు, ఊరూ లేదు. వదిన పొద్దున లేవగానే ఒకటి మింగి కేలెండరు మీద చుక్క పెట్టేది. ఒక్కరోజు తప్పలేదు.

మే నెలలో ఆమెకు నెల తప్పింది. అన్నకు, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని, మూడో నెల నిండేదాకా అమ్మకు కూడా చెప్పకూడదని నా చేత ఒట్టు వేయించుకుంది. నేనప్పుడు పుంగనూరు జూనియర్ కాలేజీలో బైపీసీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకు ఇంట్లో ఉన్నాను. ఊళ్లో సైన్సు చదువుతున్న మొదటి ఆడపిల్లను నేనే. ఆ పొగరు నా నడకలోనే కనబడేదని అమ్మ అనేది. నడకలో ఉంటే పోనీలే, నోట్లో కూడా ఉండేది.

ఆ వారం అన్న రెండు రకాల మందులు తెచ్చాడు. డబ్బాలో బిళ్లలు అయిపోయాయని షాపాయన ఈసారి షీటు ఇచ్చాడు, వెనక వెండి కాగితం మీద పేరు అచ్చు వేసి ఉంది. దానితోపాటు కుప్పంలో తోటి పనివాడెవరో "కడుపుతో ఉండే ఆడోళ్లకు బలం" అని చెబితే చేప నూనె మాత్రలు ఒక సీసాడు కొనుక్కొచ్చాడు. తాను ఎప్పుడూ పక్కన ఉండలేని మనిషి, తెచ్చిపెట్టడంలోనైనా లోటు లేకుండా చేద్దామనుకున్నాడు పాపం.

పాత పొట్లం గురువారానికి ఖాళీ అయింది. వదిన కొత్త షీటు చేతిలోకి తీసుకుని తిరగేసింది. నేను వసారాలో పత్రిక తిరగేస్తున్నాను.

"వాణీ, ఈడికి రా. ఈడ ఏమి రాసిండాదో సదువు."

"ఫోలిక్ యాసిడ్" అని చదివాను.

"యాసిడ్డా?"

"యాసిడ్డే వదినా. యాసిడ్ అంటే ఆమ్లం. ఆమ్లాలు పుల్లగా ఉంటాయి. లిట్మస్ కాగితాన్ని ఎర్రగా మారుస్తాయి. పాలను విరగ్గొడతాయి."

ఆమె అడిగింది ఒక్క మాట. నేను పుస్తకంలో పేజీ అప్పజెప్పాను. నిమ్మకాయలో ఉండేదీ ఆమ్లమే, ఉసిరికాయలో ఉండేదీ ఆమ్లమే, అన్ని ఆమ్లాలూ మీ పాలకేంద్రం సీసాలోని దాని మాదిరి తోలు ఊడదీయవు అని చెప్పలేదు. చెప్పడానికి అప్పుడు నాకూ అంత స్పష్టంగా తెలియదు. మిడిమిడి జ్ఞానం అంటే ఏమిటో ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను ఆ గురువారమే గుర్తు చేసుకుంటాను, నా నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

వదిన షీటు కింద పెట్టలేదు, సరిగ్గా పట్టుకోనూ లేదు. రెండు వేళ్ల మధ్య అంచు పట్టుకుని అలా నిలబడిపోయింది. రెండో చెయ్యి కడుపు మీదికి పోయింది.

"ఉగాది కాడినుంచి నేను యాసిడ్ మింగుతాండానా?"

"కొంచెమే కదా వదినా, బిళ్లలో ఎంతుంటుంది..."

"నీకు తెలీదు వాణీ. నేను దినామూ సూస్తాండాను. గొట్టంలో పోసినంక వెన్న ఒకటే మిగుల్తాది. పాలు మాడిపోతాయి." కడుపు మీది చెయ్యి తీయకుండానే అంది. "ఈడ లోపల ఉండేది ఇంకా వెన్నైనా కాలేదే. పాలే గదా అది."

అనుమానం పెనుభూతం అంటారు, ఆ భూతాన్ని పిలిచి ఇంట్లో కూర్చోబెట్టింది నేనే.

ఇక వదిన తనకు తెలిసిన పద్ధతిలో పరీక్షకు దిగింది. పొద్దున పాలకేంద్రంలో పరీక్షకు తీయగా మిగిలిన పాలు చెంబులో ఇంటికి తెచ్చుకునేది. అవి అప్పటికే ఆరేడు గంటలుగా చెంబులో ఉన్నాయి, బయట మే నెల ఎండ మాడుస్తోంది. అమ్మ పక్కింటికి పోయిన సమయం చూసి ఒక బిళ్లను గరిటెతో నలిపి, ఆ పాలలో కలిపి, కిరసనాయిలు స్టవ్ మీద పెట్టింది. ఇద్దరం గిన్నె మీదికి వంగి చూస్తున్నాం. అంచుల వెంబడి చిన్న బుడగలు వచ్చాయి. అంతే, పాలు ముక్కలు ముక్కలైపోయాయి. పసుపుపచ్చటి నీళ్లలో తెల్లటి తునకలు తేలాయి.

వదిన స్టవ్ ఆర్పలేదు. నేనే ఆర్పాను.

"సూసినావు గదా" అంది. గిన్నెను దొడ్లోకి తీసుకుపోయి పారబోసి, మట్టి కప్పి వచ్చింది. ఆ మట్టి కప్పడం చూసి నాకు రెండేళ్ల నాటి సంగతి గుర్తొచ్చింది. షీటును తన ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచింది.

"అన్నకు చెబుదామా?" అన్నాను.

"సెప్పబాక. తెచ్చిపెట్టింది ఆయప్పే. బిడ్డకేమన్నా అయిందంటే నా సేత్తో నేనే తెస్తినే అని ఆ మనిషి బతకడు."

ఆ రోజునుంచి చేప నూనె మాత్రలు మొదలుపెట్టింది. సీసాలోంచి ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూపించింది. బంగారు రంగులో, కరిగిన నెయ్యి చుక్కలాగా ఉంది. "ఇది సూడు, ఎట్లుండాదో. ఇది మంచిది. ఇది మాడిపొయ్యేది కాదు" అంది. పొద్దునొకటి, సాయంత్రమొకటి మింగింది. పాలు కొలిచే మనిషి కదా, ఆమె నమ్మకమంతా వెన్న మీదే.

నమ్మకం కుదిరింది గానీ భయం పోలేదు. ఇప్పటిదాకా మింగినదాని మాటేమిటి? రోజుకు పదిసార్లు దొడ్లోకి పోయి వచ్చేది, పోయి వచ్చిన ప్రతిసారీ నా వైపు చూసి మరక ఏమీ లేదన్నట్టు తలూపేది. నడుము కొంచెం పట్టేసినా గోడ పట్టుకుని కూలబడేది. ఆ ఆదివారం అన్న "బిళ్లలు మింగుతాండావా?" అని అడిగితే, కేలెండరుకు అడ్డంగా నిలబడి ఆఁ అంది. కేలెండరు మీద గురువారంనుంచి చుక్కలు లేవు. పాలకేంద్రంలో గొట్టాల్లో యాసిడ్ కొలత తప్పి పోస్తోందని, చెంగమ్మకు ఏమైందని గోవిందప్ప నన్ను దారిలో ఆపి అడిగాడు. ఎండదెబ్బ అని చెప్పాను. అబద్ధాలు చెప్పడంలో మాత్రం నేను ఫస్టు క్లాసు.

అలా తొమ్మిది రోజులు గడిచాయి.

పదో రోజు శనివారం. వదినకు టిఫిను ఇచ్చి వద్దామని పాలకేంద్రానికి పోయాను. అందరి పాలూ అయిపోయి గోవిందప్ప తలుపు వేయబోతుండగా ఆదెమ్మ అని ఒక ముసలామె, ఒక్క ఆవు మీదే బతికే మనిషి, చెంబు పట్టుకుని ఆదరాబాదరా వచ్చింది. ఆలస్యంగా వచ్చిన పాలను కాచి చూడనిదే తీసుకోరు. వదిన చిన్న గాజు గొట్టంలో కాసిన్ని పోసి స్టవ్ మంట మీద తిప్పింది. పాలు విరిగాయి.

"ఈ పాలు సెల్లవు అవ్వా" అంది వదిన.

ఆదెమ్మ నడుము మీద చేతులు పెట్టుకుంది. "యాల సెల్లవు? తెల్లారుజామున పిండిన పాలు! నేనేమన్నా మందు కలిపినానా దాంట్లో?"

తలుపు దగ్గరనుంచి గోవిందప్ప నవ్వాడు. "మందు యాల కలపల్ల అవ్వా? ఈ ఎండకి పాలు వాటంతటవే ఇరిగిపోతాయి. ఈ మాట అడుగు చెంగమ్మని, దినామూ తిరగ్గొట్టేది ఆ యమ్మే గదా."

వదిన చేతిలో గొట్టం జారి కింద పడి పగిలింది.

రోజూ ఊరందరి పాలు పరీక్ష పట్టే మనిషి. పుల్లబడిన పాలు పొయ్యి మీద పెడితే విరుగుతాయని పసిపిల్లకు తెలిసిన సంగతి, ఊళ్లో అందరికంటే బాగా ఆమెకే తెలుసు. ఆ గురువారం భయం ఆమె కళ్లకు గంతలు కట్టింది. నాకేం కట్టిందో మరి, నేను సైన్సు విద్యార్థిని!

వదిన పరీక్షలో నెగ్గిన మంచి పాలు ఒక చెంబెడు పట్టుకుని ఇంటికి నడిచింది. నడవడం కాదు, పరిగెత్తకుండా పరిగెత్తింది. ఆమె వెనక నేను. ఈసారి రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో బిళ్ల నలిపి వేసింది, రెండోదాంట్లో ఏమీ వేయలేదు. రెండూ కాచింది. రెండు గిన్నెల్లోనూ పాలు చక్కగా పొంగాయి. బిళ్ల వేసిన పాలు కొంచెం పచ్చబడ్డాయి, అంతే. తునక లేదు.

"విరగలేదు వదినా! చూశావా, బిళ్ల మంచిదే!" అని నేను చప్పట్లు కొట్టాను.

వదిన నా వైపు తిరిగింది. ఆమె ముఖంలో రక్తం లేదు.

"బిళ్ల మంచిదే" అంది. "అయితే తొమ్మిది దినాలు నేను యాల మానేస్తిని?"

నా చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. అంతవరకూ ఉన్నది ఆ భయం ముందు బొమ్మలాట.

కాలేజీలో అప్లికేషను పని ఉందని అమ్మకు చెప్పి మధ్యాహ్నం బస్సుకు మదనపల్లె బయలుదేరాం. బస్సు కుదిపినప్పుడల్లా వదిన ముందు సీటు కడ్డీ పట్టుకుని కొంచెం పైకి లేచేది, కుదుపు కడుపుకు తగలకుండా. మదనపల్లె దగ్గర పడ్డాక అడిగింది: "వాణీ, తొమ్మిదీ ఒకే తూరి మింగితే సరిపోతాదేమో?" చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వద్దు వదినా అన్నాను. ఏదైనా డాక్టరమ్మనే అడుగుదాం అన్నాను. నేను ఒకసారి చెప్పినదే చాలు.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మాట కటువు. రెండేళ్ల కింద చూసిన ముఖాన్ని గుర్తుపట్టింది. వదిన షీటును, చేప నూనె సీసాను బల్ల మీద పెట్టి జరిగింది చెప్పింది. నేనే చదివి చెప్పానని, నేనే పాలు విరుగుతాయన్నానని చెబుతుందేమోనని ఆమె నోటి వైపే చూస్తున్నాను. "నేనే పేరు సూసి భయపడి మానేసినానమ్మా" అంది వదిన. నా పేరే ఎత్తలేదు. నేను గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను. అమ్మా, ఆ మాట చెప్పింది నేను అని లేచి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు, పిరికిదాన్ని.

"పేరులో యాసిడ్ ఉంటే అది యాసిడ్డేనా?" అని డాక్టరమ్మ కసురుకుంది. "మీ ఇంట్లో తోటకూర వండుకోరూ? ఆకుకూరల్లో ఉండేదే అది. విటమిను." తర్వాత బల్ల మీది కేలెండరు ముందుకు లాక్కుంది. ఆఖరిసారి ఎప్పుడు బయట చేరావు, ఏ రోజు మానేశావు, ఏ రోజువరకు అని అడుగుతూ పెన్నుతో లెక్క వేసింది. వేస్తూ వేస్తూ పెన్ను ఒకచోట ఆపింది. ఆమె కోపం కూడా అక్కడే ఆగిపోయింది.

"నెల తప్పేనాటికి బిడ్డ కడుపున పడి రెండు వారాలే. తల మూసుకునేది నువ్వు మానేసిన ఈ రోజుల్లోనే" అంది మెల్లగా.

వదిన పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడవొద్దు, విను. ఉగాదినుంచి నువ్వు మింగిందంతా ఒక్కరోజులో ఒంట్లోంచి పోదు. కొంత నిలవ ఉంటుంది. అదే కాపాడి ఉండొచ్చు. కాపాడిందని నేను మాట మాత్రం ఇవ్వలేను." చేప నూనె సీసా ఎత్తి చూసింది. "ఇవెన్ని మింగావు?"

"దినానికి రెండు."

"ఇందులో ఉండే ఎ విటమిను ఎక్కువైతే మొదటి నెలల్లో బిడ్డకు చేటు. నువ్వు మింగినవి తక్కువే, దీనికోసం వేరే భయపడనక్కర లేదు. కానీ ఇక ముట్టుకోకు. బలమని ఎవరేది చెబితే అది మింగడమేనా? ఈ పచ్చబిళ్ల ఒక్కటి, రోజుకు ఒక్కటే. రెండు మింగితే రెండింతలు మంచిదని లేదు. ఐరన్ బిళ్లలు నేను చెప్పినప్పుడు. నాలుగో నెల నిండాక స్కానింగ్‌కు రా. అంతకు ముందు వచ్చి నన్ను అడిగినా నేను చెప్పగలిగింది ఏమీ లేదు."

అక్కడే, తన ఎదురుగానే ఒక బిళ్ల మింగించి పంపింది.

నాలుగో నెల నిండడానికి పది వారాలు. పది వారాలంటే ఎన్ని రోజులో, ఎన్ని పూటలో నాకు అప్పుడు తెలిసింది. వదిన ఆ శనివారం సాయంత్రమే అన్నకు అంతా చెప్పేసింది, అక్కడ కూడా నా మాట ఎత్తలేదు. ఆ తర్వాత వారాల్లో అన్న ఇంటికి వచ్చినప్పుడల్లా ముందు షీటు చూసేవాడు, ఎన్ని గూళ్లు ఖాళీ అయ్యాయో వేలితో తడిమి, సంచీ అప్పుడు కింద పెట్టేవాడు. మూడో నెల నిండాక అమ్మకు చెప్పాం. అమ్మ సంతోషించింది. పంచాంగం తీయించి చూపించుకుని వచ్చి, "ఈతూరి గ్రహణాలు అడ్డం లేవులే, భయం లేదు" అంది. వదిన అమ్మ వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను లేచి పోయాను.

వదిన బిళ్ల మింగే తీరు మారిపోయింది. పొద్దున మింగి, చుక్క పెట్టి, ఆ తొమ్మిది ఖాళీ గడుల మీద ఒకసారి వేలు పెట్టి తీసేది. కేలెండరులో మే నెల కాగితం చింపనివ్వలేదు. ఎప్పుడైనా పనిలో ఉన్నట్టుండి తన నెత్తి మీద అరచెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయేది. ఎందుకో నాకు తెలుసు.

నేను కెమిస్ట్రీ పుస్తకం తెరవలేకపోయాను. రోజూ ఈ పూట అమ్మకు చెప్పేస్తా, అన్నకు చెప్పేస్తా అనుకునేదాన్ని. బిడ్డ బాగుంటే చెబుదాం అని ఒక మనసు. బాగాలేకపోతే? ఆలోచన అక్కడికి వచ్చేసరికి అన్నం ముందునుంచి లేచిపోయేదాన్ని. వదిన నా మీద కోప్పడి ఉంటే, ఒక్కసారి తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. తిట్టలేదు. బిందె నేను ఎత్తబోతే మాత్రం "నువ్వుండు" అని తనే ఎత్తబోయేది, నేను లాక్కునేదాన్ని. తన భయంలో తాను మునిగి ఉంది, నా సంగతి ఆమెకు పట్టలేదు అనుకున్నాను.

ఆగస్టు మొదటి వారం. అన్న సెలవు పెట్టి కుప్పంనుంచి వచ్చాడు. ముగ్గురం మదనపల్లె పోయాం. స్కానింగ్ గదిలోకి ఆడమనిషి ఒకరే రావాలన్నారు. అన్న నా వైపు చూశాడు, వదిన నా వైపు చూసింది. నేను లోపలికి పోయాను. అన్న బయట తలుపు పక్కన నిలబడ్డాడు, బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు.

వదిన పడుకుని గట్టిగా కళ్లు మూసుకుంది. ఆమె పొట్ట మీద చల్లటి జిగురేదో పూసి, స్కానింగ్ చేసే డాక్టరు చేతిలో పరికరాన్ని అటూ ఇటూ జరుపుతోంది. టీవీలో బూడిద రంగు తప్ప నాకేమీ కనబడలేదు. ఆమె మాట్లాడటం లేదు. రెండేళ్ల కింద కూడా ఇలాగే చాలాసేపు మాట్లాడలేదట. నేను గోడకు ఆనుకున్నాను.

"తల ఉండాదామ్మా?" అంది వదిన, కళ్లు తెరవకుండానే.

"ఉంది."

"పైన మూసుకోనుండాదా?"

"మూసుకుని ఉంది. గుండ్రంగా ఉంది. కళ్లు తెరిచి చూడు."

"ఈపు?"

"వెన్నెముక కూడా బాగుంది. ఎక్కడా లోపం కనబడటం లేదు."

"మళ్లా ఒకతూరి సూడండమ్మా, మీకు పున్నెముంటాది."

బయట ముప్పై మంది కాచుకుని ఉన్నారు. అయినా ఆ డాక్టరు విసుక్కోకుండా మళ్లీ మొదటినుంచి చూసింది. తలకు అటునుంచి ఇటుకు కొలత కూడా తీసి, "బాగుందమ్మా, నిజంగా బాగుంది" అంది.

అప్పుడు తెరిచింది వదిన కళ్లు. టీవీ వైపు తిప్పుతుందనుకున్నాను. తిప్పలేదు. తల పక్కకు వాల్చి నా కోసం చూసింది. చెవుల్లోకి కారుతున్న కన్నీళ్లు తుడుచుకోకుండానే చెయ్యి చాపింది. దగ్గరికి పోయాను.

"బాగుండాదంట వాణీ" అంది. "నువ్వు సెప్పినదానికి ఏమీ కాలా. ఇంటికి పోయి ఇంక కడుపునిండా అన్నం తిను. రెండు నెల్లకి పైన నేనూ సూస్తానే ఉండాను, గట్టిగా నాలుగు ముద్దలు తినింది లేదు నువ్వు."

ఆ పది వారాలూ ఆమె తన కడుపు తప్ప ఇంకేదీ చూడలేదని అనుకున్నాను నేను.